అమెరికా యూనివర్సిటీలో మీ క్రమశిక్షణ ఫైలు: ఎలా చూసుకోవాలి, ఎలా కాపాడుకోవాలి

అమెరికాలో చదువుతున్న విద్యార్థి మీద యూనివర్సిటీ ఏదైనా ఆరోపణ మోపితే అందరి ధ్యాసా శిక్ష మీదే ఉంటుంది. వార్నింగా, ప్రొబేషనా, సస్పెన్షనా? గండం గట్టెక్కితే చాలనుకుంటారు. ఏళ్లు గడిచాక ఏ పీహెచ్‌డీ అడ్మిషన్ దగ్గరో, ఏ ట్రాన్స్‌ఫర్ దగ్గరో ఆ కేసు గురించి ఆఫీసులో రాసిపెట్టిన కాగితం ముందుకొస్తుంది. అందులో ఏం రాశారో ఒక్కసారి కూడా చూడకుండానే చాలామంది క్యాంపస్ వదిలి వెళ్లిపోతారు. దాన్ని చూసే హక్కు చట్టం మీకు ఇచ్చింది. అడగనిదే మాత్రం ఎవరూ తెచ్చి చూపించరు.

ఆ చట్టాన్ని ఫెర్పా అంటారు. పూర్తి పేరు ఫ్యామిలీ ఎడ్యుకేషనల్ రైట్స్ అండ్ ప్రైవసీ యాక్ట్, 1974లో వచ్చింది. ఫెడరల్ విద్యాశాఖ నిధులు అందుకునే సంస్థలన్నిటికీ వర్తిస్తుంది, అంటే దాదాపు ప్రతి యూనివర్సిటీకీ. స్కూలు రోజుల్లో ఈ హక్కులు తల్లిదండ్రుల చేతిలో ఉంటాయి. 18 ఏళ్లు నిండినా, అంతకంటే ముందే కాలేజీలో చేరినా అవి విద్యార్థికి వచ్చేస్తాయి. చదువు ముగించి వెళ్లిపోయినవాళ్లకూ ఉంటాయి. ఎఫ్-1 (విదేశీ విద్యార్థులకిచ్చే) వీసా మీద ఉన్నవాళ్లకూ ఉంటాయి, ఒక్క మినహాయింపుతో. దాని గురించి కింద వివరంగా రాశాను.

క్రమశిక్షణ కాగితాలు ఈ చట్టం కిందికి వస్తాయా రావా అన్నది చాలాకాలం నలిగింది. ఒహాయోలోని మయామి యూనివర్సిటీలో విద్యార్థి పత్రిక ఆ రికార్డులు కావాలని కోర్టుకెక్కితే, 1997లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అవి విద్యా రికార్డులే కావంది. ఆ తర్వాత ఫెడరల్ ప్రభుత్వమే దావా వేసింది. 2002లో ఆరో సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు, అవి ఫెర్పా రక్షించే విద్యా రికార్డులేనని తేల్చింది. ఇవాళ మీ ఫైలు దారినపోయేవాళ్ల చేతికి వెళ్లకుండా ఉందంటే అందులో ఈ తీర్పు పాత్ర పెద్దది.

మొదట: కాగితం ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోండి

అంతా ఒకే ఫైలులో ఉంటుందనుకోకండి. హాస్టల్ గొడవ అయితే హౌసింగ్ ఆఫీసులో ఒక రిపోర్టు, స్టూడెంట్ కండక్ట్ ఆఫీసులో అసలు కేసు ఉంటాయి. అసైన్‌మెంట్ కాపీ కేసయితే ప్రొఫెసర్ దగ్గర, డిపార్ట్‌మెంట్‌లో, అకడమిక్ ఇంటెగ్రిటీ చూసే ఆఫీసులో తలా ఒక ముక్క ఉంటుంది. ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఏదైనా రాయాల్సి వస్తే అది రిజిస్ట్రార్ పని. ఎఫ్-1 విద్యార్థి అయితే ఇంటర్నేషనల్ ఆఫీసుకు కూడా సమాచారం వెళ్లి ఉండొచ్చు.

క్యాంపస్ పోలీసుల సంగతి వేరు. వాళ్లు తమ పనికోసం తయారుచేసి తామే ఉంచుకునే రికార్డులు ఫెర్పా కిందికి రావు, వాటికి ఆయా రాష్ట్రాల చట్టాలు వర్తిస్తాయి. అదే రిపోర్టు కాపీ కండక్ట్ ఆఫీసు ఫైలులోకి చేరితే, అక్కడున్న కాపీకి మాత్రం ఫెర్పా రక్షణ ఉంటుంది. యూనివర్సిటీలో కేసు కొట్టేశారు కదా అని పోలీసు కేసు కూడా పోయిందనుకుని ధీమాగా ఉండేవాళ్లుంటారు. ఆ రెంటికీ సంబంధం లేదు.

ఇదే సమయంలో యూనివర్సిటీ స్టూడెంట్ కోడ్ తెరిచి రెండు విషయాలు వెతకండి: క్రమశిక్షణ రికార్డులు ఎన్నేళ్లు ఉంచుతారు, ఏ శిక్ష పడితే ట్రాన్స్‌క్రిప్ట్ మీద రాస్తారు. ఎన్నేళ్లు ఉంచాలన్నది ఫెర్పా చెప్పదు. చాలా యూనివర్సిటీలు 7 సంవత్సరాలు ఉంచుతాయి. బహిష్కరణ అయితే ఎప్పటికీ ఉంచేవే ఎక్కువ. మీది ఏ లెక్కలోకి వస్తుందో ముందే చూసుకుని ఆ పేజీని సేవ్ చేసి పెట్టుకోండి. కోడ్‌ను అప్పుడప్పుడు మారుస్తుంటారు, మీ కేసు నాటికి ఏం రాసి ఉందో రేపు మీకే కావాలి.

ఫైలు చూపించమని రాసి అడగండి

నోటిమాటగా అడిగితే ఆధారం ఉండదు. కండక్ట్ ఆఫీసుకు యూనివర్సిటీ ఈమెయిల్ నుంచి రాయండి, రిజిస్ట్రార్‌కు కాపీ పెట్టండి. ఇంగ్లీషులో పంపే ఆ ఉత్తరంలో ఉండాల్సిన సారం ఇంతే:

"నా పేరు ఫలానా, స్టూడెంట్ నంబరు ఫలానా. ఫలానా తేదీ నాటి కేసులో నాకు సంబంధించి మీ దగ్గరున్న రికార్డులన్నీ ఫెర్పా కింద పరిశీలించాలనుకుంటున్నాను. ఫిర్యాదు, దానితోపాటు వచ్చిన కాగితాలు, విచారణ నోట్సు, నిర్ణయం తెలిపిన ఉత్తరం, కేసు ఫైలులో చేర్చిన ఈమెయిళ్లు, కేసు సాఫ్ట్‌వేర్‌లో నా పేరు కింద నమోదైన వివరాలు, అన్నీ ఇందులోకి వస్తాయి. నా రికార్డులు బయటివాళ్లు ఎవరు అడిగారో, ఎవరికి ఇచ్చారో తెలిపే నమోదు కూడా చూపించగలరు. ఎప్పుడు రమ్మంటారో తెలియజేయండి."

ఇందులో ఏ మాటా ఊరికే పెట్టింది కాదు. "రికార్డులన్నీ" అనకపోతే నిర్ణయం తెలిపిన ఉత్తరం ఒక్కటే చూపించి పంపించేసే అవకాశం ఉంది. సాఫ్ట్‌వేర్ గురించి ప్రత్యేకంగా అడగమన్నది ఎందుకంటే చాలా యూనివర్సిటీలు ఈ కేసుల్ని మాక్సియెంట్ వంటి ప్రోగ్రాముల్లో నడుపుతాయి. మీకొచ్చే ఉత్తరంలో కనిపించని నోట్సు, గడులు అక్కడ ఉంటాయి. రేపు ఇంకో కాలేజీ వాకబు చేస్తే గుమాస్తా తెరిచి చూసేది ఆ తెరనే. ఇక బయటివాళ్లకు ఇచ్చిన సమాచారాన్ని నమోదు చేసి ఉంచడం యూనివర్సిటీ బాధ్యత, అది మీరు చూడొచ్చు. అయితే లోపలి సిబ్బంది చూసినవి, మీ సంతకంతో ఇచ్చినవి అందులో ఉండక్కర్లేదు.

అడిగిన తేదీ నుంచి 45 రోజుల్లోగా చూపించాలి. విచారణ అంతకంటే ముందే ఉంటే, ఆ తేదీ రాసి ఈలోగానే చూపించమని కోరండి. విచారణకు ముందు ఫైలు చూసే వీలు చాలా కోడ్‌లలో విడిగా ఉంటుంది, ఆ నిబంధన నంబరు ఉదహరిస్తే పని తొందరగా అవుతుంది. ఇంకో సంగతి: చూపించమన్న మీ అభ్యర్థన పెండింగులో ఉండగా ఆ రికార్డుల్ని నాశనం చేయడానికి వీల్లేదు. గడువు దగ్గరపడిన పాత ఫైలులో మీకు పనికొచ్చే కాగితం ఉందని తెలిస్తే ఆలస్యం చేయకుండా రాసేయండి.

చట్టం ఇచ్చింది చూసే హక్కే. కాపీలు ఇచ్చి తీరాలని అన్ని సందర్భాల్లోనూ లేదు. మీరు దూరంగా ఉండి వెళ్లి చూడటం సాధ్యం కానప్పుడు మాత్రం కాపీలు పంపాలి, లేదా మరో దారి చూపించాలి. ఇండియాకు తిరిగి వచ్చేసినవాళ్లు ఈ మాట ఉత్తరంలోనే రాయాలి. కాపీలకు రుసుము తీసుకోవచ్చు, వెతికినందుకు మాత్రం తీసుకోకూడదు.

అదే ఫైలులో వేరే విద్యార్థుల వివరాలుంటే మీకు సంబంధించినంత వరకే చూపిస్తారు, మిగతాది నల్లగా కొట్టేసి ఉంటుంది. దానికి నొచ్చుకోనక్కర్లేదు. వాళ్లు అడిగినప్పుడు మీ పేరునూ అలాగే కొట్టేస్తారు.

ఫైలును ఎలా చదవాలి

పెన్ను, కాగితం తీసుకెళ్లండి. ముందు తేదీలు వరసగా రాసుకోండి: సంఘటన, ఫిర్యాదు, నోటీసు, విచారణ, నిర్ణయం. తర్వాత ఆరోపణ కింద పేర్కొన్న కోడ్ సెక్షన్ నంబర్లనూ, చివర్లో నిర్ధారించిన నంబర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. నా అనుభవంలో తప్పులు ఎక్కువగా దొరికేది ఇక్కడే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రోగ్రామింగ్ కోర్సులో ఇద్దరి కోడు ఒకేలా ఉందని ప్రొఫెసర్ ప్లేజియరిజం (ఇంకొకరి పనిని తనదిగా చూపడం) కింద ఫిర్యాదు చేశారు. విచారణలో తేలిందేమిటంటే ఇద్దరూ కలిసి కూర్చుని చేశారు, ఆ అసైన్‌మెంట్ విడివిడిగా చేయాల్సింది. నిర్ణయం తెలిపిన ఉత్తరంలో అనుమతి లేకుండా కలిసి పనిచేయడం అనే సెక్షన్ కిందే బాధ్యుడని రాశారు. కేసు తెర మీద మాత్రం మొదట ఎక్కించిన ప్లేజియరిజం ఎదురుగా "రెస్పాన్సిబుల్" అని అలాగే ఉండిపోయింది. నాలుగేళ్ల తర్వాత ఒక ఫారం నింపే ఉద్యోగికి మీరెవరో తెలీదు, ఆ ప్రొఫెసరూ తెలీదు. తెర మీద ఉన్నదే ఎక్కించి పంపేస్తారు. పరిశోధన చేయబోయే విద్యార్థికి ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు.

"రెస్పాన్సిబుల్" అన్న మాటను కూడా గమనించండి. యూనివర్సిటీలు సాధారణంగా నేరస్థుడని రాయవు, బాధ్యుడనో కాదనో రాస్తాయి. ఫైలులో ఎక్కడైనా నేరం, దోషి అన్న అర్థం వచ్చే మాటలు కనబడితే గుర్తు పెట్టుకోండి. శిక్ష పూర్తిచేశారన్న నమోదు ఉందో లేదో చూడండి. వర్క్‌షాపుకు వెళ్లొచ్చినా ఆ సంగతి ఎక్కించకపోతే, శిక్ష ఇంకా పెండింగులో ఉన్నట్టే కనిపిస్తుంది.

తప్పు కనబడితే

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకదాని బదులు ఇంకొకటి పట్టుకుంటే విలువైన రోజులు పోతాయి. నిర్ణయమే తప్పు, నేను చేయలేదు, శిక్ష ఎక్కువ అన్నది మీ వాదనైతే దారి అప్పీలు. దాని గడువు నిర్ణయం తెలిపిన ఉత్తరంలోనే ఉంటుంది, చాలాచోట్ల కొద్ది రోజులే. కాగితంలో రాసింది జరిగినదానికి సరిపోలడం లేదు, అది తప్పుదారి పట్టించేలా ఉంది అన్నది వాదనైతే దారి ఫెర్పా సవరణ. పైన చెప్పిన ఉదాహరణ రెండో రకం. సవరణ కోరుతూ విచారణ కమిటీ తీర్పునే మార్చమంటే కుదరదు, గ్రేడు మార్చమన్నా అంతే.

సవరణ కోరేటప్పుడు ఏ పేజీలో ఏ మాట తప్పో, దాని స్థానంలో ఏముండాలో, అందుకు ఆధారమేదో రాయండి. యూనివర్సిటీ కాదంటే హియరింగ్ కోరే హక్కు మీకుంది. అక్కడా ఓడిపోతే మీ వివరణను రికార్డులో చేర్చమని ఇవ్వొచ్చు. ఆ భాగాన్ని ఎవరికి పంపినా మీ వివరణను కూడా జతచేయాల్సిందే. ఈ చివరి వెసులుబాటు తక్కువదని వదిలేయకండి. ఒక్క పేజీలో, నిందలు లేకుండా, తేదీలతో రాసిన వివరణ పక్కన ఉంటే చదివేవాళ్లకు రెండో వైపు కూడా కనిపిస్తుంది.

ఎవరు చూడొచ్చు

యూనివర్సిటీ లోపల పని నిమిత్తం అవసరమున్న సిబ్బంది చూడొచ్చు. అందుకు మీ అనుమతి అక్కర్లేదు. అవసరం లేనివాళ్లు చూడకూడదు. ప్రొఫెసర్ క్లాసులో నిలబడి ఫలానా విద్యార్థిని కాపీ కొట్టినందుకు పట్టుకున్నామని కేసు వివరాలు చెబితే అది ఉల్లంఘనే. తోటి విద్యార్థులు చెప్పుకునే మాటలకు మాత్రం ఫెర్పా వర్తించదు. చట్టం కట్టడి చేసేది సంస్థను.

మీరు చేరాలనుకుంటున్న ఇంకో కాలేజీకి, మీ సంతకం లేకుండానే పాత కాలేజీ క్రమశిక్షణ వివరాలతో సహా పంపవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. కోర్టు నుంచి సబ్‌పీనా (రికార్డులు ఇవ్వమనే ఆదేశం) వస్తే ఇస్తారు, సాధారణంగా ముందు మీకు తెలియజేసే ప్రయత్నం చేయాలి. ప్రాణాపాయం వంటి అత్యవసరంలోనూ ఇవ్వొచ్చు. హింసాత్మక నేరం కిందికి వచ్చే కేసులో విద్యార్థి బాధ్యుడని తేలితే అతని పేరు, ఉల్లంఘన, శిక్ష, ఈ మూడూ బయటపెట్టే వీలును 1998 సవరణ కల్పించింది. బాధితుల పేర్లు, సాక్షుల పేర్లు వాళ్ల అనుమతి లేనిదే అందులో ఉండకూడదు. నార్త్ కరోలినా సుప్రీంకోర్టు 2020లో ఇంకో అడుగు వేసింది. లైంగిక దాడి కేసుల్లో బాధ్యులని తేలినవాళ్ల వివరాల్ని, రాష్ట్ర పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద అడిగినప్పుడు నార్త్ కరోలినా యూనివర్సిటీ చాపెల్ హిల్ క్యాంపస్ ఇచ్చి తీరాలంది.

ఇక తల్లిదండ్రులు. ఫీజు కడుతున్నది మేమే కదా, మాకెందుకు చెప్పరని అడుగుతారు. వాళ్ల బాధ అర్థమయ్యేదే. అమెరికా ఆదాయపన్ను లెక్కల్లో విద్యార్థి వాళ్ల మీద ఆధారపడినవాడైతే యూనివర్సిటీ చెప్పొచ్చు. ఇండియాలో ఉంటూ అక్కడ పన్ను రిటర్న్ వేయని తల్లిదండ్రులకు ఈ దారి వర్తించదు. 21 ఏళ్లు నిండని విద్యార్థి మద్యం, మాదకద్రవ్యాల నిబంధన అతిక్రమిస్తే తల్లిదండ్రులకు తెలియజేసే వెసులుబాటు వేరుగా ఉంది. ఇవేవీ లేనప్పుడు అమ్మ ఫోన్ చేసినా, నాన్నగారు మెయిల్ పెట్టినా "మేం మాట్లాడలేం" అనే జవాబు వస్తుంది. అది వాళ్లు మీ గోప్యతను కాపాడుతున్నారని అర్థం. ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలని మీరే కోరుకుంటే సమ్మతి పత్రం ఇవ్వండి. ఏ రికార్డులు, ఎందుకు, ఎవరికి అన్న మూడూ అందులో ఉండాలి, సంతకం, తేదీ ఉండాలి. "ఈ ఒక్క కేసు విషయం మాత్రమే" అని పరిమితి పెట్టుకోవచ్చు. అడ్మిషన్ కోసమో, ఉద్యోగం కోసమో సంతకం పెట్టమనే ప్రతి ఫారాన్నీ ఇదే కళ్లతో చదవండి.

ఎఫ్-1 విద్యార్థులకు ప్రత్యేకంగా

మీ ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) మొదటి పేజీలో సంతకం పెట్టిన చోట పైనున్న చిన్న అక్షరాలు చదవండి. మీ వీసా స్థితి తేల్చడానికి అవసరమైన సమాచారాన్ని ఇమ్మిగ్రేషన్ వ్యవహారాలు చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు ఇచ్చేందుకు మీరే ఒప్పుకున్నారని అక్కడ ఉంటుంది. పైన చెప్పిన మినహాయింపు ఇదే. ఇమ్మిగ్రేషన్ నిబంధనలు అడిగే సమాచారం విషయంలో ఫెర్పా అడ్డురాదు.

నేరం రుజువై శిక్ష పడినందువల్ల కాలేజీ కూడా మీ మీద చర్య తీసుకుంటే, దాన్ని సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ) యూనివర్సిటీ తెలియజేయాలి. సస్పెన్షన్, బహిష్కరణ అయితే సెవిస్ రికార్డు టెర్మినేట్ అవుతుంది. అప్పుడు చదువు పూర్తిచేసినవాళ్లకు ఉండే 60 రోజుల వ్యవధి వర్తించదు. వార్నింగు, ప్రొబేషన్ వంటివి పడ్డా మీరు పూర్తిస్థాయి కోర్సులతో చదువు సాగిస్తుంటే స్థితికి ముప్పు లేదు. అందుకే విచారణ తేదీ ఖరారు కాగానే డీఎస్‌ఓను (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) కలవండి. సస్పెన్షన్ వచ్చేలా ఉందని భయపడి ఎవరికీ చెప్పకుండా కోర్సులు డ్రాప్ చేసేస్తే సమస్య రెట్టింపవుతుంది. డీఎస్‌ఓ ముందస్తు అనుమతితో విత్‌డ్రా అయితే దేశం విడిచి వెళ్లడానికి 15 రోజులు ఉంటాయి, అనుమతి లేకుండా మానేస్తే అదీ ఉండదు. సస్పెన్షన్ దాకా వెళ్లే కేసయితే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారైనా మాట్లాడండి. స్నేహితుల వాట్సాప్ గ్రూపు సలహా ఇక్కడ సరిపోదు.

అప్లికేషన్లలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు

అండర్‌గ్రాడ్ ప్రవేశాల కోసం వాడే కామన్ యాప్, స్కూలు క్రమశిక్షణ ప్రశ్నను 2021 ఆగస్టు నుంచి తన ఉమ్మడి ఫారంలోంచి తీసేసింది. అయినా ఆయా కాలేజీలు విడిగా అడగొచ్చు. మెడికల్ స్కూళ్ల దరఖాస్తులో, లా స్కూళ్లలో, తర్వాత లాయరు లైసెన్సుకోసం రాష్ట్ర బార్ సంస్థలు వ్యక్తిత్వం మీద చేసే పరిశీలనలో ఈ ప్రశ్న గట్టిగానే ఉంటుంది.

ప్రశ్నను పదం పదం చదవండి. "సస్పెన్షన్‌కు దారితీసిన చర్య ఉందా" అని అడిగితే మీ వార్నింగు చెప్పనక్కర్లేదు. "ఎప్పుడైనా, ఏ చర్యైనా, తర్వాత తొలగించినా సరే" అని ఉంటే చెప్పాలి. ఏ రకమో తేల్చుకోలేకపోతే కండక్ట్ ఆఫీసుకే ప్రశ్న పంపి, మీ రికార్డు దీని కిందికి వస్తుందా అని రాతలో జవాబు తీసుకోండి. వచ్చేదైతే దాచకండి. పాత కాలేజీ నేరుగా పంపే వీలుందని పైనే చూశాం. రెండు కాగితాలు పొంతన లేకపోతే మీ మీద అబద్ధమన్న కొత్త కేసు మొదలవుతుంది, అది మొదటిదానికంటే బరువైనది.

తొలగింపు, ఫిర్యాదు

ట్రాన్స్‌క్రిప్ట్ మీద రాతకు కొన్ని రాష్ట్రాల్లో చట్టాలే ఉన్నాయి. న్యూయార్క్‌లో లైంగిక హింస సహా హింసాత్మక నేరాల స్థాయి కేసుల్లో సస్పెన్షన్, బహిష్కరణ ట్రాన్స్‌క్రిప్ట్ మీద రాయాలి. సస్పెన్షన్ ముగిసి ఏడాది గడిచాక దాన్ని తీసేయమని అడగొచ్చు, బహిష్కరణ రాతను మాత్రం తీయరు. వర్జీనియా, టెక్సాస్‌లలోనూ ఇలాంటి చట్టాలున్నాయి. చిన్న ఉల్లంఘనలకు చాలా యూనివర్సిటీలు తమంత తామే తొలగింపు విధానం పెట్టుకున్నాయి. గ్రాడ్యుయేషన్‌కు ముందు సెమిస్టర్‌లోనే దరఖాస్తు పెట్టండి. ఒప్పుకుంటే తొలగించినట్టు ఉత్తరం అడిగి తీసుకోండి. మొదట్లో చెప్పుకున్న ఆఫీసుల్లో మీ కాగితాలున్న ప్రతిదానికీ ఆ సంగతి చేరిందో లేదో కూడా కనుక్కోండి.

మీ హక్కులకు భంగం కలిగితే విద్యార్థి తనంతట తాను ఫెర్పా కింద దావా వేయలేడని 2002లో గొంజాగా యూనివర్సిటీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలిన దారి ఫెడరల్ విద్యాశాఖలోని స్టూడెంట్ ప్రైవసీ పాలసీ ఆఫీసుకు ఫిర్యాదు. ఉల్లంఘన జరిగిన రోజు నుంచి, లేదా మీకు తెలిసిన రోజు నుంచి 180 రోజుల్లోగా పంపాలి. మీరు మొదట రాసిన ఈమెయిల్, దానికొచ్చిన జవాబులు, జవాబు రాకుండా గడిచిన తేదీలు, అన్నీ వరసగా జతచేయండి.